ఎనిమిది చొక్కాల దూరం

"ప్రయాణం ఎంతసేపండీ?" అని అడిగిన ఏ ఇద్దరికీ ఒకే జవాబు చెప్పిన పాపాన పోలేదు మా కొలమానంగారు. అబద్ధాలకోరా అంటే కాదు. మతిమరుపు మనిషా అంటే అంతకన్నా కాదు. విమానం టిక్కెట్లమ్మే ఆఫీసులో ముప్పై ఏళ్ళ నుంచీ అదే కుర్చీ, అదే బల్ల. లోకంలో ఏ విమానాశ్రయం నుంచి ఏ విమానాశ్రయానికి ఎన్ని కిలోమీటర్లో, గాల్లో ఎంతసేపుండాలో, మధ్యలో ఎక్కడ దిగి ఎంతసేపు పడిగాపులు పడాలో నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్తాడు. చిక్కల్లా ఆ చెప్పడంలోనే ఉంది. గంటల్లో చెప్పడు. అడిగిన మనిషి ఏ పని చేసుకుని బతుకుతాడో ఆ పనిలో చెప్తాడు. కొలమానమని పేరొచ్చింది అందుకే.

ఆయన పక్క బల్ల దగ్గర నేను పదకొండేళ్ళు కూర్చున్నాను. కాబట్టి ఈ సంగతులన్నీ నేను కళ్ళారా చూసినవి, చెవులారా విన్నవి, తల పట్టుకున్నవి.

మా ఆఫీసులో అన్నిటికన్నా దూరపు ప్రయాణం ఒకటుంది. ఎనిమిదివేల నాలుగువందల కిలోమీటర్లు. ఆరు గంటలు ఎగిరి, మధ్యలో ఓ ఊళ్ళో దిగి గంటన్నర కూర్చుని, మళ్ళీ అదే విమానమెక్కి ఇంకో నాలుగున్నర గంటలు ఎగరాలి. చంటిపిల్లాడైనా కూడగలడు, పన్నెండు గంటలు. ఒకరోజు పొద్దున్న దీని గురించే ముగ్గురొచ్చారు.

మొదట వచ్చింది బేకరీ ఆయన. "ఎంతసేపండీ?"

"పధ్నాలుగున్నర వాయిలండీ."

బేకరీ ఆయన కళ్ళు మూసుకుని, పొయ్యిలోంచి వాయి తరవాత వాయి రొట్టె తీసుకున్నాడు మనసులో. "ఓస్, ఒక ఆదివారం గిరాకీ! అంతేనా?" అని టిక్కెట్టు రాయించుకుని వెళ్ళిపోయాడు.

తరవాత మంగలిషాపు ఆయన. ఆయనకి "ఇరవైనాలుగు తలలు. గడ్డాలు లెక్కలోకి రావు" అని చెప్పాడు. ఆ వెనకాలే వచ్చిన పంతులమ్మగారికి "పదహారు పీరియడ్లు, మధ్యలో రెండు పీరియడ్ల ఇంటర్వెల్ కలుపుకుని" అన్నాడు. పంతులమ్మగారు గట్టిగా ఊపిరి పీల్చుకుని, "పిల్లలుండరు కదా?" అని అడిగింది.

"ఉంటారు గానీ మీరు పాఠం చెప్పక్కర్లేదు."

"అయితే హాయే!"

మెట్ల మీద ఈ ముగ్గురూ కలుసుకున్నారు. పధ్నాలుగున్నర, ఇరవైనాలుగు, పదహారు అని వాదులాడుకుని, ఎవరిది దగ్గరదారో తేల్చమని మళ్ళీ పైకొచ్చి లోపలి గదిలో మా యజమానురాలు మేడం బల్ల చుట్టూ మూగారు.

మేడం పట్టరాని కోపంతో బయటికొచ్చింది. "గంటలనేవి ఉన్నాయండీ లోకంలో! మీ నెత్తిమీద గోడకి గడియారం కూడా పెట్టించాను. అది చూసి చెప్తే మీ సొమ్మేం పోయింది?"

"గంటలు గడియారానికి తెలుసు మేడం. మనిషికి తెలిసింది వాడి పనే," అన్నాడు కొలమానంగారు తాపీగా, పెన్సిలు చెక్కుకుంటూ. "పన్నెండు గంటలని చెప్పి పంపిస్తే దారంతా హడలి చస్తారు."

పోనీ, ఏదో నోటికొచ్చిన లెక్క చెప్తాడా అంటే అదీ లేదు. కొలిచి మరీ చెప్తాడు. అదే పెద్ద తలనొప్పి. ఆఫీసయ్యాక చేతిగడియారం, నోటుపుస్తకం పట్టుకుని వీధిలోకి బయల్దేరేవాడు. మంగలిషాపులో మూలకుర్చీ ఆయనదే. ఆయన తల చూస్తేనేమో అద్దంలా నున్నగా ఉంటుంది. కొత్తగా వచ్చిన గిరాకీ ఒకడు హడలిపోయి మంగలాయన చెవిలో, "ఆయనకి మీరే చేశారా అలా?" అని అడిగి లేచిపోయాడట.

పళ్ళ డాక్టరమ్మ దగ్గర ఇంకా ఘోరం జరిగింది. నోరు తెరుచుకుని కుర్చీలో పడుకున్న పేషంటుకి, నెత్తిమీద గడియారం పట్టుకుని నిలబడ్డ బట్టతల మనిషి కనిపించాడు.

"ఎవరండీ ఈయన?" అన్నాడు పేషంటు, నోట్లో దూదితోనే.

"విమానాలవాళ్ళు," అంది డాక్టరమ్మ.

ఆ పేషంటు ఏమనుకున్నాడో ఏమో, పన్ను సగం కదిలించినది కదిలించినట్టే పట్టుకుని పారిపోయాడు. డాక్టరమ్మ మాకు ఫోన్ చేసి చెడామడా తిట్టింది. ఆ తిట్లన్నీ నేను విన్నాను, ఎందుకంటే ఫోన్ నా బల్ల మీద ఉండేది. నేను ఆవిడ తిట్లు ఆయనకి చెప్పబోతే, "అది సరేగానీ చెల్లెమ్మా, పన్నుకి పద్దెనిమిది నిమిషాలు. మత్తు ఎక్కేదాకా వెయిటింగుతో కలిపి," అని నోటుపుస్తకంలో రాసుకున్నాడు.

ఏ పనీ చెయ్యనివాడు ఒకడు వచ్చినప్పుడు మాత్రం నాకు మహా సంబరమేసింది. బజార్లో పెద్ద బట్టలకొట్టాయన బావమరిది. తిని కూర్చోవడం తప్ప ఇంకో విద్య తెలీదు. "ఇప్పుడు చెప్పండి చూద్దాం," అన్నాను నేను. కొలమానంగారు ఆయన్ని రెండు రోజులు తిప్పించుకున్నాడు. మూడోరోజు పిలిచి, "మీకైతే బాబూ, ఒక నిద్ర," అన్నాడు. ఆ బావమరిదిగారు వెళ్ళొచ్చాక మాకు ఓ మిఠాయిల డబ్బా తెచ్చి ఇచ్చాడు. "అన్నట్టుగానే ఒక్కటే నిద్రండీ, దింపడానికి వాళ్ళొచ్చి లేపాల్సి వచ్చింది," అన్నాడు.

"మరి నాకెంత, అన్నయ్యగారూ?" అని నేనూ ఒకసారి అడిగి బుద్ధితక్కువ పని చేశాను.

"మీ ఆడపడుచుతో ఫోన్లో మూడుసార్లు," అన్నాడు తలెత్తకుండా.

వారం రోజులు నేనాయనతో మాట్లాడలేదు. ఇంటికెళ్ళి లెక్కేసుకున్నాను గానీ, లెక్క కరెక్టే.

అలాగని మా కొలమానంగారు ఏ దేశాలో తిరిగొచ్చాడనుకునేరు. ఆయన జన్మలో విమానమెక్కలేదు. మా ఆఫీసు చెప్పులకొట్టు మీద మొదటి అంతస్తు. ఆ పద్దెనిమిది మెట్లూ ఆయన గోడ పట్టుకుని ఎక్కేవాడు, కళ్ళు తిరుగుతాయని. ఇంకో గుణం కూడా చెప్పాలి. ఆయన నోట "నాదే తప్పు" అన్న మాట పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా వినలేదు నేను. ఒకసారి రంగు తడారని బెంచీ మీద కూర్చుని లేచి, వెనక పచ్చటి చారలతో ఆఫీసుకొచ్చాడు. ఇదేమిటన్నయ్యగారూ అంటే, "రంగు ఆలస్యంగా ఆరింది," అన్నాడు. బస్సు తప్పిపోతే బస్సు ముందొచ్చేసినట్టు. లెక్క దగ్గరైతే ఇక చెప్పనే అక్కర్లేదు. ఆయన లెక్క తప్పిందనడం కన్నా ఆయన్ని నాలుగు తిట్టడం నయం.

అలాంటి మనిషి దగ్గరికి దర్జీ పిన్ని వచ్చింది.

దర్జీ పిన్ని మా వీధి చివర చొక్కాలు కుట్టేది. అరవై దాటిన మనిషి. ఒంటరిది. ఆవిడకి ఒక్కతే అక్క, ఇందాక చెప్పిన ఆ ఎనిమిదివేల నాలుగువందల కిలోమీటర్ల అవతల ఉంటుంది. ఇద్దరూ చూసుకుని ఇరవై రెండేళ్ళయింది. కుట్టు నేర్పింది ఆ అక్కే. నేర్పడమంటే మామూలుగా కాదు, వెంట్రుకవాసి తేడా వచ్చినా స్కేలుతో వేళ్ళ మీద ఒక్కటిచ్చేదట. ఇప్పుడా అక్కకి చూపు పోతోంది. ఏడాది తిరిగేలోపు పూర్తిగా పోతుందని డాక్టర్లు తేల్చేశారు. "నువ్వొచ్చి ఒక్కసారి నా కళ్ళెదుట నిలబడవే, ఆ తరవాత పోతే పోనీ," అని ఉత్తరం రాయించింది.

పిన్నికి విమానమంటే చచ్చేంత భయం. మూడుసార్లు టిక్కెట్టు తీసుకుంది, మూడుసార్లూ వద్దనుకుంది. ఒకసారి జ్వరమంది. ఒకసారి స్కూలు యూనిఫారాలు ఉన్నాయంది. మూడోసారి ఏ సాకూ దొరక్క మా మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. ఆ మూడుసార్లూ టిక్కెట్టు రాసింది మా మేడం. "పన్నెండు గంటలే కదండీ, ఇట్టే గడిచిపోతుంది," అని ధైర్యం కూడా చెప్పింది. ఆ 'పన్నెండు గంటలు' అన్న మాట వినగానే పిన్ని మొహంలో నెత్తురుచుక్క ఉండేది కాదు.

నాలుగోసారి పిన్ని వచ్చినప్పుడు మేడం చేతులెత్తేసింది. "ఈసారి కూడా వెనక్కి తగ్గితే ఇంక నా వల్ల కాదమ్మా," అని లోపలికెళ్ళిపోయింది. పిన్ని వచ్చి కొలమానంగారి ఎదురుగా కూర్చుంది. చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, ఎవరో లాక్కుంటారన్నట్టు రెండు చేతులా పట్టుకుంది.

"ఎంతసేపు నాయనా? పన్నెండు గంటలని చెప్పకు. అది విన్నాను."

కొలమానంగారు నోటుపుస్తకంలో కొత్త పేజీ తిప్పాడు. "రేపు మీ కొట్టుకొచ్చి చెప్తానమ్మా," అన్నాడు. అన్నట్టే మర్నాడు సాయంత్రం, ఆ మర్నాడు సాయంత్రం, వరసగా నాలుగు రోజులు ఆ కొట్లో స్టూలు మీద కూర్చుని గడియారం చూసుకున్నాడు. ఐదోరోజు చెప్పాడు.

"ఎనిమిది చొక్కాలమ్మా."

"ఎనిమిదా?" అంది పిన్ని.

"కత్తిరించడం దగ్గర్నుంచీ. నాలుగు చొక్కాలు ఎగురుతారు. దిగి ఒక చొక్కా కూర్చుంటారు. మళ్ళీ ఎక్కి మూడు చొక్కాలు. తలెత్తేసరికి మీ అక్క."

పిన్ని చాలాసేపు తన మిషను వైపు చూసింది. "పండగ సీజన్లో రోజుకి ఎనిమిది కుట్టినదాన్నే," అంది నెమ్మదిగా. మళ్ళీ అంతలోనే మొహం చిన్నబోయింది. "అప్పుడు ఒంట్లో ఓపికుంది. ఇప్పుడు ఒక్క కుర్చీలో ఎనిమిది కూర్చోగలనంటావా?"

"చూద్దాం," అన్నాడాయన. "ఆదివారం కూర్చోండి."

ఆ ఆదివారం జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వాగదు. పొద్దున్న ఆరింటికల్లా పిన్ని కొట్లో విమానం సిద్ధమైంది. మిషనుకీ గోడకీ మధ్య కుర్చీ ఇరికించి, విమానం సీటెంత వెడల్పుంటుందో అంతే టేపుతో కొలిచి, రెండువైపులా బట్టల తానులు పేర్చాడు. పాత బెల్టొకటి తెచ్చి పిన్ని నడుముకి కట్టాడు. పక్కసీటు ప్రయాణికుడిగా మంగలాయన్ని పట్టుకొచ్చాడు. "నువ్వు గురక పెట్టాలి," అని చెప్పాడు. పాపం రాత్రి పదకొండింటిదాకా షాపులో నిలబడి వచ్చిన మనిషి. నటించాల్సిన పని లేకపోయింది. రెండో చొక్కాకే పిన్ని భుజం మీద తలవాల్చి నిద్రపోయాడు.

"లేపనా?" అంది పిన్ని.

"లేపకండి. విమానంలో కూడా ఇంతే."

నేను టీలందించే అమ్మాయిని. నా వయసుకీ, ఒళ్ళుకీ ఆ వేషమేమిటని మొత్తుకున్నా వినలేదు. నేను పళ్ళెంలో టీ పట్టుకెళ్ళి వంగగానే, "గాలి కుదుపులు!" అని అరిచి వెనకనించి కుర్చీ పట్టుకుని ఊపాడు. టీ నా ఒళ్ళంతా. "ఏమిటండీ ఇది!" అని నేను గుడ్లురిమితే, "సీట్లోకెళ్ళి కూర్చో చెల్లెమ్మా, బెల్టు దీపం వెలిగింది," అన్నాడు. పిన్ని మాత్రం కిలకిలా నవ్వింది. భయపడాల్సిన చోట ఆవిడ నవ్వడం చూసి నా కోపం సగం చల్లారింది. మిగతా సగం చీర ఆరాక.

నాలుగో చొక్కా అయింది. దిగి, వీధి దాటి, మా ఆఫీసు కింది చెప్పులకొట్టు బెంచీ మీద కూర్చున్నాం. అది మధ్యలో దిగే విమానాశ్రయం. అక్కడ ఒక చొక్కా చేత్తో కుట్టుకునే పని. మళ్ళీ వచ్చి ఎక్కాం. సాయంత్రం ఐదింటి ప్రాంతంలో అటుగా పోతున్న మా మేడం తలుపు తోసి లోపలికి తొంగిచూసి నిర్ఘాంతపోయింది. నడుముకి బెల్టుతో పిన్ని, గురక పెడుతున్న మంగలాయన, పళ్ళెంతో నేను.

"మంచి టైముకొచ్చారు మేడం," అన్నాడు కొలమానంగారు. "దిగాక పత్రాలు చూసే ఆఫీసరు లేరు మాకు. మీ మొహానికి సరిగ్గా సరిపోతుంది."

ఇంకోరోజైతే ఆ మాటకి ఉద్యోగం ఊడేది. మేడం ఏమనుకుందో, వచ్చి బల్ల అవతల కూర్చుంది. ఎనిమిదో చొక్కాకి ఆఖరి గుండీ కుట్టి దారం తెంపుకుని పిన్ని లేచి, నడుం పట్టుకుని వెళ్ళి ఆవిడ ఎదుట నిలబడింది.

"ఎందుకొచ్చారు?" అంది మేడం, నిజం ఆఫీసరులాగే.

"మా అక్క నన్ను చూడాలంది."

మేడం చెయ్యి చాపింది. పిన్ని పాస్‌పోర్టుగా పట్టుకున్న కొలతల కాగితం తీసుకుని, స్టాంపు లేదు కాబట్టి సుద్దముక్కతో దానిమీద పెద్ద టిక్కు పెట్టింది. గడియారం చూస్తే ఆరు. ఆరింటికెక్కాం, ఆరింటికి దిగాం. కొలమానంగారి మీసం ఆ రోజు రెండంగుళాలు పైకి లేచింది.

అసలు ప్రయాణం రెండు వారాలకి కుదిరింది. పొద్దున్న పదకొండింటి విమానం. ఎక్కించడానికి నేనూ, కొలమానంగారూ వెళ్ళాం. అక్కడ చలి ఎక్కువని పిన్ని తనే ఒక ఊదారంగు కోటు కుట్టుకుంది. అది వేసుకుని, సంచీ భుజాన వేసుకుని, "నాలుగు, ఒకటి, మూడు. నాలుగు, ఒకటి, మూడు," అని లోపల్లోపల జపం చేసుకుంటూ నడిచింది. హాల్లో ఇసకేస్తే రాలనంత జనం. పెట్టె ఇచ్చేసి ఇటు తిరిగామో లేదో, బోర్డు మీద అక్షరాలు మారాయి. విమానం మూడు గంటలు ఆలస్యం.

పిన్ని ఆగిపోయింది. మూడు గంటలంటే ఎన్నో ఆవిడకి వేరే చెప్పక్కర్లేదు.

"రెండు చొక్కాలు," అంది.

"పిన్నీ..." అన్నాను.

"ఎనిమిదన్నారు. ఎనిమిదికే నేను మనసు గట్టి చేసుకున్నాను. ఇప్పుడు పదంటున్నారు. ఎక్కాక పన్నెండంటారు. ఈ లెక్కే నిలబడకపోతే ఆ విమానం గాల్లో నిలబడుతుందని నన్నెలా నమ్మమంటారు? నా పెట్టె నాకిప్పించండి. ఇంటికి పోదాం పదండి."

"అక్కయ్య ఎదురుచూస్తుంటుంది పిన్నీ!"

"వచ్చే నెల వెళ్తాను," అంది. వచ్చే నెల ఆ కళ్ళు ఎలా ఉంటాయో మా ముగ్గురికీ తెలుసు. పిన్ని కాళ్ళు మాత్రం అప్పటికే బయటికి తిరిగాయి. నేను చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది. జనం ఆగి చూస్తున్నారు. నాకు ఏడుపొచ్చేసింది, నిజం చెప్తున్నాను.

కొలమానంగారు జేబులోంచి నోటుపుస్తకం తీశాడు. గబగబా పేజీలు తిప్పాడు. ఒకచోట ఆగి, హాలంతా వినపడేలా బట్టతల మీద ఫటేలుమని కొట్టుకున్నాడు.

"నాదే తప్పమ్మా!"

నేను నిలువునా బిగుసుకుపోయాను. విమానం తోకమీద నిలబడినా అంత ఆశ్చర్యపోయేదాన్ని కాదు.

"విమానం ఆలస్యం కాలేదమ్మా. నా లెక్కే తప్పు. గుండీలు మర్చిపోయాను!"

"గుండీలా?" అంది పిన్ని.

"చొక్కాకి ఏడు గుండీలు. ఎనిమిది చొక్కాలకి యాభై ఆరు. గుండీకి మూడేసి నిమిషాలు. రెండు గంటల నలభై ఎనిమిది నిమిషాలు. మిగిలిన పన్నెండు నిమిషాలూ సూదిలో దారం ఎక్కించుకోడానికి. సరిగ్గా మూడు గంటలు. ఎనిమిది చొక్కాలు ఎనిమిదేనమ్మా, ఒక్కటి కూడా పెరగలేదు. గుండీలు కుట్టకుండా చొక్కా ఎవరైనా ఇస్తారా? ముసలి వెధవని, మతి పోయింది నాకు. ముప్పై ఏళ్ళ సర్వీసు ఏట్లో కలిపేశాను. మన్నించండి!"

అంటూ, అంత జనంలో, బస్సు తప్పితే బస్సుదే తప్పనే ఆ మనిషి చేతులు జోడించి నిలబడ్డాడు.

పిన్ని ఆయన వైపు చూసింది. చాలాసేపు చూసింది. నేను ఊపిరి బిగబట్టాను, ఎందుకంటే ఆదివారం నాడు ఎనిమిది చొక్కాలకీ గుండీలు కుట్టడం నేను ఈ కళ్ళతో చూశాను. ఒక్కొక్క గుండీనీ ఆయన పక్కన నిలబడి లెక్కపెట్టాడు కూడా.

"మగాళ్ళకి గుండీలెక్కడ గుర్తుంటాయిలే, తెగినప్పుడు తప్ప!" అంది పిన్ని చివరికి. సంచీ సర్దుకుంది. "చెప్పొద్దూ ముందే. గుండీలని తెలిస్తే నేనెందుకు కంగారుపడతాను?" అని వెళ్ళి కుర్చీలో కూర్చుంది. మూడు గంటలూ ఓపిగ్గా కూర్చుని, పిలిచినప్పుడు లేచి, మాకు చెయ్యూపి లోపలికెళ్ళిపోయింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నేను ఊరుకోలేకపోయాను. "అన్నయ్యగారూ, గుండీలు లెక్కలో ఉన్నాయి కదా?"

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "నువ్వు టిక్కెట్టు తీసుకున్నావా, లేదా?" అన్నాడు.

ముప్పై ఏళ్ళు ఒక్క తప్పు ఒప్పుకోకుండా కాపాడుకున్న పరువు అది. దాన్ని నలుగురి ముందూ అలా పారేసి, ఏమీ జరగనట్టు కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ ఈ మనిషికి వాయిల పిచ్చి, తలల పిచ్చి అని వీధంతా నవ్వాం. నేనైతే అందరికన్నా ఎక్కువ నవ్వాను. తెలియని దూరానికి భయపడేవాళ్ళ చేతిలో, వాళ్ళకి తెలిసిన పనొకటి పెట్టి పంపుతున్నాడని నాకు ఆ బస్సులో గానీ తట్టలేదు. సిగ్గేసింది. ఇద్దరి టిక్కెట్లూ నేనే తీసుకున్నాను.

మర్నాడు ఆఫీసులో ఫోన్ మోగింది. ఎత్తితే పిన్ని.

"చేరానే!" అంది. ఆ గొంతులో అంత హుషారు నేనెప్పుడూ వినలేదు. "ఆయన దగ్గర్లో ఉన్నాడా? ఉంటే వినపడకుండా విను. గుండీలు లెక్కలో ఉన్నాయని నాకు తెలీదనుకున్నారా మీరు? కుట్టింది నేనే కదే!"

"మరెందుకెక్కావు పిన్నీ?"

"ఎక్కక ఏం చెయ్యను? ఆ పొగరుమోతు మనిషి నా కోసం అంతమందిలో తప్పు నాదని చేతులు జోడిస్తే, ఇంకా ఇంటికి పోతానంటే నేను మనిషినేనా? ఆయన మీద జాలేసి ఎక్కాను. ఆయనకి చెప్పకు, పాపం. తనే ఎక్కించాననుకోనీ."

పక్కబల్ల దగ్గర కొలమానంగారు పెన్సిలు చెక్కుతున్నాడు. అప్పటికే చెక్కిన పెన్సిలే అది.

"ఏమంటోంది?" అన్నాడు, అక్కర్లేనట్టు.

"చేరిందట."

"అది నాకు తెలుసు. వాళ్ళక్క చూసిందా?"

అదే మాట ఫోన్లో అడిగాను. అటునించి పిన్ని కస్సుమంది. "చూడకేం! గుమ్మంలో అడుగుపెట్టానో లేదో, దగ్గరికి లాక్కుని, వెలుగులోకి తిప్పి, 'ఈ కోటెవరు కుట్టారే? కుడిభుజం ఎత్తుగా ఉంది' అని మొదలెట్టింది. ఇరవై రెండేళ్ళకి కనిపిస్తే నన్ను చూడదు, నా కుట్టు చూస్తుంది! పొద్దుట్నుంచీ అదే సణుగుడు." అంటూనే నవ్వుతోంది, ముక్కు చీదుకుంటోంది కూడా.

నేను ఫోన్ చేత్తో మూసి ఆయనకి చెప్పాను. "చూసిందట. కోటు కుడిభుజం ఎత్తుగా ఉందని తిట్టిందట."

పెన్సిలు చెక్కడం ఆగిపోయింది.

"ఎంత ఎత్తట?"

"ఇప్పుడది అవసరమా అన్నయ్యగారూ?"

"అడుగు చెల్లెమ్మా."

అడిగాను. పిన్ని వెనక్కి తిరిగి వాళ్ళక్కని అడిగింది. ఏదో కీచుగొంతు ఖంగుమని జవాబు చెప్పడం నాకిక్కడికి వినపడింది.

"పావంగుళమట," అన్నాను.

కొలమానంగారు నోటుపుస్తకం తీసి రాసుకోబోయి, రాయలేక కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. ఆ తరవాత మొహమంతా విచ్చుకునేలా నవ్వాడు.

"పావంగుళం కనిపించిందంటే, చెల్లెమ్మా," అన్నాడు, "పిన్నిగార్ని తనివితీరా చూసుకునేంత చూపు ఇంకా ఉంది."